డప్పు పాట డీజే బండెక్కాక అందులో రాజకీయం మిగిలిందా?

కాకతీయ_కెరటం (హన్మకొండ)
ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను ఇంట్లో కంప్యూటర్ మీద ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తుంటాను. హౌస్, టెక్నో అనే నాట్య సంగీత రీతులు ఎక్కువగా వింటాను. ఈ నాట్య సంగీతం పుట్టిన ప్రతిచోటా రాజకీయం దాని వెన్నంటే ఉంది. షికాగోలో హౌస్‌ను పెంచి పెద్ద చేసింది నల్లజాతి, లాటినో యువకులు. వారిలో చాలామంది స్వలింగ ప్రేమికులు. బయట ఎక్కడా చోటు దక్కనివాళ్లు క్లబ్బుగా మారిన ఒక పాత గోదాములో తెల్లవార్లూ ఆడారు. అదే నగరంలో 1979 జులై 12న ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను పెట్టెలో పోసి పేల్చేశారు. ఆ సంగీతం మీద, దాన్ని వినే మనుషుల మీద ఎంత కోపం ఉండేదో దాన్నిబట్టి తెలుస్తుంది. డెట్రాయిట్‌లో కార్ల పరిశ్రమ కుంగిపోయిన కాలంలో హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి కుర్రవాళ్లు టెక్నోకు రూపమిచ్చారు. బ్రిటన్‌లో 1992లో కాసిల్‌మార్టన్ బయలులో వేలమంది రోజుల తరబడి గుమిగూడి ఆడిన తర్వాత, అలాంటి గుంపులను ఆపడానికి 1994లో ఏకంగా చట్టమే తెచ్చారు. జార్జియా దేశ రాజధాని టిబిలిసిలో 2018 మే నెలలో సాయుధ పోలీసులు క్లబ్బుల మీద పడితే అక్కడి యువతీయువకులు పార్లమెంటు ముందే సంగీతం పెట్టుకుని, ఆడుతూ నిరసన తెలిపారు.

ఇక మన దగ్గర చూస్తే, వరంగల్ చుట్టుపక్కల ఏ బరాత్‌లోనైనా, ఏ నిమజ్జనంలోనైనా జానపదం, ఉద్యమ గీతం, డీజే దరువు ఒకే బండి మీద వస్తున్నాయి. ఒకప్పుడు కేసులకు వెరవకుండా పాడిన పాటలకు ఇప్పుడు పెళ్లికొడుకు స్నేహితులు చిందేస్తున్నారు. అది తప్పని అనడం లేదు. కానీ విన్నప్పుడల్లా ఏదో పోయిందనిపిస్తుంది. మాటలు అవే, బాణీ అదే, డప్పు కూడా వినిపిస్తూనే ఉంది. మరి పోయింది ఏమిటి? డప్పు వాయించేవాళ్లు, డీజే నడిపేవాళ్లు, ఉద్యమ సభలు చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

బేస్‌బాక్స్_ములుగు
ఆదివారం, రాత్రి 9:48

పోయింది ఏమీ లేదు తమ్ముడూ. పాట బతికి ఉంది, అది చాలదా? నాకు డీజే బండి ఉంది. అప్పు చేసి కొన్న డీసీఎం వ్యాను, వెనుక జనరేటర్, రెండు వరుసల బేస్ బాక్సులు, పైన టాప్‌లు, లైట్లు. నా దగ్గర పనిచేసే కుర్రవాళ్లంతా కూలీల పిల్లలే. పదేళ్ల పిల్లవాడికి మన పల్లె పాట నోటికి వస్తోందంటే అది బడిలో నేర్పిందా, టీవీ నేర్పిందా? మా బండి నేర్పింది.

ఎన్నికలొస్తే అన్ని పార్టీలవాళ్లూ వస్తారు. బాణీ అదే ఉంచి, పేరూ గుర్తూ మార్చి పాడించుకుంటారు. నేను అందరికీ బండి ఇస్తాను. ఇవ్వకపోతే వాయిదాలు ఎవరు కడతారు?

రాజకీయం గురించి అడిగారు కాబట్టి ఒక సంగతి చెబుతాను. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్నచోట పగలు 55 డెసిబుల్స్, రాత్రి 45 దాటకూడదు. మనిషి మామూలుగా మాట్లాడే గొంతే దాదాపు 60 ఉంటుంది. ఆ లెక్కన మా బండి ఎప్పుడూ నేరంలోనే ఉంటుంది. ఆపడమా, వదిలేయడమా అన్నది ఎదురుగా ఉన్న అధికారి ఇష్టం. పెద్ద నాయకుడి ఊరేగింపు అయితే రాత్రి పది దాటినా ఎవరూ రారు. పేదవాడి ఇంట్లో పెళ్లి అయితే పది కాకముందే వచ్చి నిలబడతారు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు ఇక్కడ మాకు కూడా బయానాలు తగ్గాయి.

లయ_లెక్క (వరంగల్)
ఆదివారం, రాత్రి 10:35

కెరటం గారూ, మీ ప్రశ్నకు సగం జవాబు ఆ శబ్దంలోనే దొరుకుతుంది. సంగీతం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డప్పు వాయించేవాడి కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో చిటికెన పుల్ల ఉంటాయి. సిర్ర లావుగా, పొట్టిగా ఉండి చర్మం మీద బరువైన దెబ్బ వేస్తుంది. చిటికెన పుల్ల సన్నగా, పొడుగ్గా ఉండి మధ్యలోని ఖాళీలను చిటపటమని నింపుతుంది. ఈ రెండింటి సంభాషణే దరువు. ఇప్పుడు డీజే మిక్స్‌లో ఏం జరుగుతుందో చూడండి. కింది స్థాయి శబ్దమంతా కంప్యూటర్ దెబ్బకు కావాలి. బేస్ బాక్సులు ఉన్నది దానికోసమే. డప్పులోని బరువైన దెబ్బ దానితో కలిస్తే శబ్దం బురదగా వినిపిస్తుంది. అందుకని డప్పు రికార్డింగ్‌లో కింది భాగాన్ని కోసేస్తారు. అంటే సిర్ర పోతుంది, చిటికెన పుల్ల మిగులుతుంది. ఈసారి బరాత్‌లో జాగ్రత్తగా వినండి. మీకు వినిపిస్తున్నది సగం డప్పు.

రెండోది వేగం. మన జానపదంలో చాలా పాటలు మూడేసి మాత్రల నడకలో, తిశ్రంలో సాగుతాయి. దాని మీద నాలుగు సమానమైన దెబ్బలు పెట్టడం కష్టం కాదు, బాగానే కుదురుతుంది. చిక్కు అక్కడ లేదు. డప్పు బృందం ఒకే వేగంలో ఉండదు. నెమ్మదిగా ఎత్తుకుంటారు, ఆడేవాళ్ల కాళ్లు చూస్తారు, వాళ్లలో ఊపు వచ్చేకొద్దీ పెంచుతారు, అలసట కనబడితే ఒక ముక్తాయింపు వేసి మళ్లీ కిందికి దించుతారు. ముందు నిలబడ్డ పెద్దమనిషి ఒక్క దెబ్బ మారిస్తే వెనుక పదిమందీ మారతారు. కంప్యూటర్‌లో మొదట చేసే పని ఆ ఎక్కుదిగుళ్లను సరిచేసి, నిమిషానికి 130 దెబ్బలు అని ఒక అంకెకు కట్టేయడం. అక్కడితో ఆడేవాడికీ వాయించేవాడికీ మధ్య ఉన్న ఒప్పందం తెగిపోతుంది. వాయించేవాడు నా కాళ్లు చూడడం లేదని ఆడేవాడికి తెలుసు. తెలిసీ ఆడతాడు.

యంత్రం వల్లే ఇదంతా అని నేను అనుకోను. 1982లో ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే వాద్యకారుడు రోలాండ్ కంపెనీ దరువు యంత్రాన్ని వెనుక నడిపిస్తూ, అదే కంపెనీ సింథసైజర్ల మీద హిందుస్తానీ రాగాలు వాయించి రికార్డు చేశాడు. దాన్ని ఇప్పుడు విన్నవాళ్లు అది హౌస్‌లో ఒక రకమైన షికాగో యాసిడ్ హౌస్ కంటే ముందుదంటే నమ్మలేరు. యంత్రం చేతిలో ఉన్నా ఆయన రాగం చెక్కుచెదరలేదు.

నర్సంపేట_సార్
సోమవారం, ఉదయం 6:15

లయ_లెక్క అమ్మా, చాలా మంచి మాట రాశారు. నేను దానికి పాట వైపు నుంచి ఒకటి చేరుస్తాను.

ఆ పాటలు మొదలైనప్పటి నుంచీ ఒట్టి పాటలుగా లేవు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్ల సుద్దుల రూపాన్ని తీసుకుని అందులో దొర, గడి, వెట్టి నింపాడు. సుద్దులంటే పాట ఒకటే కాదు కదా. కాస్త పాడతారు, ఆగుతారు, పక్కవాడు ప్రశ్న వేస్తాడు, కథకుడు జవాబు చెబుతాడు, మధ్యలో హాస్యం వస్తుంది, మళ్లీ పాట అందుకుంటారు. ప్రజా నాట్యమండలి బుర్రకథలోనూ అంతే. కథకుడికి ఒక పక్కన హాస్యం, ఇంకో పక్కన రాజకీయం. ‘రాజకీయం’ అని పేరు పెట్టి మరీ ఒక మనిషిని వేదిక మీద నిలబెట్టిన కళారూపం అది. మన ఒగ్గు కథలోనూ ఈ ఆగడం, అందుకోవడం ఉంటాయి. చుక్క సత్తయ్య ఒగ్గు చూసినవాళ్లకు తెలుసు, ఆయన మల్లన్న కథ చెబుతూ చెబుతూ ఎదురుగా కూర్చున్న ఊరితోనే మాట్లాడేవాడు.

పీపుల్స్ వార్ పార్టీ సాంస్కృతిక బృందమైన జన నాట్యమండలి ఈ ఆగడాన్నే పదును పెట్టింది. 1990 వేసవిలో వరంగల్‌లో రైతు కూలీ సంఘం మహాసభలు జరిగాయి. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతులును. అంత జనాన్ని మళ్లీ చూడలేదు. గద్దర్ గోచీ, గొంగడి కట్టుకుని వేదిక మీదికి వచ్చాడు. ఒక చరణం పాడేవాడు. డప్పు ఒక్కసారిగా ఆగేది. అప్పుడు మాట్లాడేవాడు. ఈ ఊళ్లో కూలి ఎంత, ఆడవాళ్లకు ఎంత, ఎందుకు తక్కువ అని అడిగేవాడు. కింద నుంచి జనం జవాబు చెప్పేవారు. ఆ జవాబు మీద డప్పు మళ్లీ లేచేది. రెండు నిమిషాల పాట ఇరవై నిమిషాలు సాగేది. పాటలో చరణాలు ముందే రాసి ఉన్నాయి, ఎవరైనా పాడుకోవచ్చు. చరణానికీ చరణానికీ మధ్య ఉన్నది మాత్రం ఆ రోజు, ఆ ఊరిది. రాజకీయమంతా అక్కడే ఉండేది.

డీజే మిక్స్‌లో మొదట కోసేసేది ఆ మధ్య భాగాన్నే. దరువు ఆగితే ఆడేవాళ్లు ఆగిపోతారని భయం. కెరటం, నీకు పోయినట్లు అనిపించింది అదేనని నా నమ్మకం.

1992లో పీపుల్స్ వార్‌ను నిషేధించాక ఆ క్యాసెట్లు ఇంట్లో ఉంచుకోవడానికే భయపడ్డాం. ఇప్పుడు ఆ బాణీలే మంత్రుల స్వాగత సభల్లో మోగుతున్నాయి. కాలం మారింది, దానికి నేను ఏడవను. కానీ ఆ బాణీ కోసం 1997 ఏప్రిల్‌లో ఆ గద్దర్ ఒంట్లోకి తూటాలు దిగాయని ఆడేవాళ్లలో ఒక్కరికైనా తెలియాలి.

సిర్ర_చిటికెన (పరకాల దగ్గర పల్లె)
సోమవారం, రాత్రి 8:05

అందరి మాటలూ చదివాను. సార్‌కు నమస్కారం. మాది డప్పు కుటుంబం. మా తాత, నాన్న, బాబాయి అందరూ వాయించినవాళ్లే. నేను కరెంటు పని చేస్తాను, పిలిస్తే వాయిస్తాను. మీరంతా డప్పులో ఏం పోయిందో మాట్లాడుతున్నారు. డప్పు మా నుంచి ఏం తీసుకుందో కూడా వినండి.

ఊళ్లో ఎవరు చనిపోయినా మా తాత వెళ్లాలి. ఒంట్లో బాగున్నా, బాగోలేకపోయినా వెళ్లాలి. కూలి అని ఇవ్వరు, పెట్టింది తీసుకోవాలి. అధికారి వస్తే ముందు నడుస్తూ వాయించాలి. దొర ఇంట్లో శుభకార్యమైతే గుమ్మం బయట ఎండలో నిలబడి వాయించాలి. అది మా కళ అని అప్పుడు ఎవరూ అనలేదు, మా పని అన్నారు. చావు డప్పు వాయించం అని మా నాన్న తరంలో కుర్రవాళ్లు తీర్మానం చేస్తే ఊరు ఊరంతా మాతో మాటలు మానేసింది. పాలు పోయలేదు, పనికి పిలవలేదు. డప్పు మానేయడమే ఆ రోజుల్లో మా రాజకీయం.

తర్వాత అదే డప్పును చేతికి తీసుకోవడం రాజకీయమైంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. దాన్ని నడిపిన మంద కృష్ణ మాదిగ మన హన్మకొండ మనిషి. పేరు వెనుక మాదిగ అని రాసుకుని, భుజాన డప్పు వేసుకుని నడిరోడ్డు మీద నడవడం అప్పటికి ఎంత పెద్ద సంగతో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. ఎవరో చనిపోయారని కాదు, ఎవరో వస్తున్నారని కాదు, మేమే వస్తున్నామని వాయించారు. ఎస్సీ వర్గీకరణ కోసం ముప్పై ఏళ్లు వాయించారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని చెప్పింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమలులోకి వచ్చింది. దానికి కొన్ని నెలల ముందు లక్ష డప్పులతో హైదరాబాద్‌లో ప్రదర్శన చేయాలని పిలుపునిస్తే ఊరూరా కొత్త డప్పులు కట్టించుకున్నారు. ఆ ప్రదర్శన వాయిదా పడింది, డప్పులు మాత్రం ఇళ్లలో ఉన్నాయి. డప్పు చచ్చిపోయిందని అనేవాళ్లు మా వాడకు ఒకసారి రావాలి.

డీజే మా కూలి తీసుకుపోయింది, నిజమే. పెళ్లికి ముందు మమ్మల్నే పిలిచేవారు, ఇప్పుడు బండిని పిలుస్తున్నారు. అయితే మా తమ్ముడే డీజే బండి మీద పనిచేస్తున్నాడు. లైట్లూ మిక్సరూ వాడిచేతిలో ఉంటే నీ కులమేమిటని ఎవరూ అడగడం లేదు. గుమ్మం బయట నిలబడమనడం లేదు. బండి మీద, అందరికంటే ఎత్తులో నిలబడతాడు. మా నాన్న దాన్ని చూసి సంతోషించాడు. కాబట్టి పాతదంతా బంగారం, కొత్తదంతా ఇత్తడి అని నాతో అనిపించలేరు.

లయ_లెక్క అక్కా, సిర్ర దెబ్బను కోసేస్తారని మీరు రాసింది చదివి తమ్ముడి ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను. అచ్చం అలాగే ఉంది. మా బాబాయి వాయించిందే, ఎవరో ఫోనులో రికార్డు చేసుకుపోయింది, ఇప్పుడు నాలుగు మిక్స్‌లలో ఉంది. పేరు లేదు, పైసా రాలేదు. నా బాధ దాని గురించి.

పద్మాక్షి_గుట్ట
సోమవారం, రాత్రి 9:30

మీ చర్చలో ఆడవాళ్ల పాట ఎక్కడా రాలేదు. బతుకమ్మకు డప్పు లేదు, డోలు లేదు. చప్పట్లే దరువు. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. ఎత్తుకునే ఆమెకు ఎంత కథ గుర్తుంటే అంత పాట. మా అత్తమ్మ రామాయణం నుంచి మొదలుపెట్టి ఊళ్లో అత్తగారింటి బాధలు పడలేక చెరువులో దూకిన కోడలి కథ దాకా తెచ్చేది. పేర్లు చెప్పేది కాదు, కానీ ఎవరి గురించో ఆ వలయంలో ఉన్న ప్రతి ఆడమనిషికీ తెలిసేది. తప్పు చేసినవాళ్ల ఇంటి ఆడవాళ్లు కూడా అదే వలయంలో తిరుగుతూ ఉయ్యాలో అనాల్సి వచ్చేది. అంతకంటే పెద్ద పంచాయితీ మాకు ఇంకోటి లేదు.

తెలంగాణ ఉద్యమంలో బతుకమ్మ రోడ్డు మీదికి వచ్చింది. రాస్తారోకో అంటే నడిరోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడడమే. లాఠీ ఎత్తడానికి పోలీసులకు చేతులు రాలేదు. 2014లో రాష్ట్ర పండుగ అయింది, సంతోషించాం.

ఇప్పుడు బతుకమ్మ చివరి రోజైన సద్దుల నాడు హన్మకొండలో పద్మాక్షి గుట్ట కింద నిలబడి చూడండి. నాలుగు వైపులా డీజే పెట్టెలు. ప్రతి పెట్టె ముందు ఒక నాయకుడి ఫ్లెక్సీ. ఎత్తుకునే ముసలమ్మ గొంతు పక్క మనిషికి కూడా వినబడదు. అమ్మాయిలు రికార్డు పాటకు అడుగులు నేర్చుకుని చక్కగా ఆడుతున్నారు, వాళ్ల సంతోషాన్ని నేను కాదనను. కానీ ఆ పాటలో మా వీధి కోడలి కథ రాదు. నర్సంపేట సార్ చెప్పిన మధ్య భాగం మాకూ ఉండేది. మా పేటలో ఆడవాళ్లం కలిసి అడిగితే కిందటేడు ఒక గంట పెట్టె ఆపారు. మొదట ఎవరికీ పాట ఎత్తుకోవడం గుర్తు రాలేదు. తర్వాత వచ్చింది.

ఉట్నూరు_పెప్రె
మంగళవారం, మధ్యాహ్నం 1:10

అందరికీ రాం రాం. నేను ఆదిలాబాద్ జిల్లాలో ఉపాధ్యాయుణ్ని, రాజ్‌గోండును. మా గుస్సాడీ ఆట గురించి ఎవరైనా రాస్తారేమో అని చూశాను.

దీపావళికి ముందు మా దండారీ పండుగ మొదలవుతుంది. మా ఊరి బృందం ఇంకో ఊరికి అతిథిగా వెళ్తుంది, వాళ్లు మా ఊరికి వస్తారు. గుస్సాడీ నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని దీక్షలో ఉంటాడు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు. ఆ రోజుల్లో అతన్ని దేవుడిగానే చూస్తాం. డప్పు, తుడుం అనే వాద్యం, పెప్రె అనే ఊదే వాద్యం మోగితే ఆడతాడు. అది పండుగ, బంధుత్వం, మొక్కు, పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే సందర్భం, అన్నీ కలిసే ఉంటాయి. మార్లవాయికి చెందిన కనకరాజు గారు ఢిల్లీలో ఇందిరా గాంధీ ముందు ఆడారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన ఎంతోమంది కుర్రవాళ్లకు గుస్సాడీ నేర్పారు. మా ఆట బయటి లోకానికి తెలియడం నాకు గర్వమే.

కానీ ఇప్పుడు ఏ నాయకుడు వచ్చినా గుస్సాడీ టోపీలు కావాలంటున్నారు. వేసవిలో, దండారీ కాని రోజుల్లో, దీక్ష లేకుండా, హెలికాప్టర్ దిగేచోట ఆడమంటారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకుంటే పోలీసులు కాల్చారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది, మా పెద్దల లెక్క చాలా ఎక్కువ. వాళ్ల గుర్తుగా కట్టిన స్తూపం దగ్గర నివాళి అర్పించడానికి ఏళ్ల తరబడి ఆంక్షలు పెట్టారు. మేము గుమిగూడితే భయం, మేము ఆడితే ముచ్చట. మీ చర్చ అంతా నాకు ఈ ఒక్క సంగతిగా కనిపిస్తోంది.

పెప్రె శబ్దాన్ని ఇప్పుడు డీజే మిక్స్‌లలో వాడుతున్నారు. మా పిల్లలు కూడా వింటున్నారు, నేను ఆపలేదు. అయితే మొక్కు సమయంలో మోగించే కొన్ని వరుసలను బయట వాయించకూడదు. రికార్డు చేసుకోవడానికి వచ్చేవాళ్లు ముందు ఊరి పటేల్‌ను అడగాలి. కాదంటే వెళ్లిపోవాలి.

కాకతీయ_కెరటం
మంగళవారం, రాత్రి 9:05

మీరంతా ఇంత రాస్తారని అనుకోలేదు. రెండు రోజులుగా మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

నర్సంపేట సార్ చెప్పిన మాట బలమైనది. కానీ డెట్రాయిట్ చూశాక దాన్ని పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను సార్. అక్కడ అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే బృందం ఉంది. జెఫ్ మిల్స్, మైక్ బ్యాంక్స్ మొదలుపెట్టారు. ముఖాలు చూపించరు, వాళ్ల సంగీతంలో మాటలు దాదాపు ఉండవు, ఒట్టి దరువే. అయినా పెద్ద కంపెనీలకు లొంగకుండా, సొంతంగా రికార్డులు అచ్చువేసుకుని, వాళ్ల నగరంలోనే ఉండి పనిచేశారు. వాళ్ల రాజకీయం పాటలో లేదు, పాట ఎవరి చేతిలో ఉందన్నదానిలో ఉంది. బ్రిటన్ చట్టం సంగతి మొదట రాశాను కదా. అందులో సంగీతాన్ని ఎలా వర్ణించారంటే, ఒకే తీరుగా మళ్లీ మళ్లీ వచ్చే దెబ్బలు ప్రధానంగా ఉన్న శబ్దాలు అని. ఒక్క మాట లేని దరువును చూసి కూడా ప్రభుత్వం భయపడింది.

ఇంకో దేశం గుర్తొస్తోంది. బేస్‌బాక్స్ అన్న బండికి అసలైన చుట్టాలు టెక్నో క్లబ్బులకు పేరుపడ్డ బెర్లిన్‌లో లేరు, జమైకాలో ఉన్నారు. కింగ్‌స్టన్‌లో 1950ల నుంచి వీధుల్లోకి సొంతంగా చేయించుకున్న పెద్ద పెద్ద పెట్టెలు తెచ్చి, పోటీలు పడి పాటలు వేసేవారు. క్లబ్బుల్లోకి రానివ్వని పేదలకు అదే నాట్యశాల. ఆ దేశంలో ఎడ్వర్డ్ సియాగా అనే ఆయన మొదట పల్లెల్లో పూజల సంగీతాన్ని, జానపదాన్ని రికార్డు చేశాడు. తర్వాత రికార్డుల కంపెనీ పెట్టాడు. ఆ తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి 1980లో ప్రధాని అయ్యాడు. జానపదం, వ్యాపారం, అధికారం, మూడూ ఒకే మనిషి జీవితంలో. పార్టీల గొడవల్లో వీధులు రక్తసిక్తమవుతుంటే 1978లో బాబ్ మార్లే ఒక కచేరీలో సియాగానూ ఆయన ప్రత్యర్థి మైకేల్ మాన్లీనీ వేదిక మీదికి పిలిచి చేతులు కలిపించాడు. ఆ తర్వాత కూడా హత్యలు ఆగలేదు. పాట అంత పని చేయగలదు, అంతకంటే చేయలేదు.

సిర్ర అన్నా, మీ బాబాయి డప్పు గురించి చదివాక నాకు ఒకటి చేయాలనిపిస్తోంది. దరువును అంకెకు కట్టకుండా రికార్డు చేసి, కంప్యూటర్ దెబ్బనే డప్పు వెనుక నడిపించాలి. డప్పు పెంచితే అది పెరగాలి, డప్పు ఆగితే అదీ ఆగాలి. సాంకేతికంగా ఇది సాధ్యమే, ఓపిక కావాలి. సిర్రను కోయను. మీరు ఒప్పుకుంటారా?

బేస్‌బాక్స్_ములుగు
మంగళవారం, రాత్రి 9:40

కెరటం తమ్ముడూ, అది తయారైతే నా బండి మీద వేస్తాను. కానీ ముందే చెబుతున్నాను, బరాత్‌లో దరువు ఆగితే డబ్బులిచ్చినవాడు నా మీదికి వస్తాడు. జాతరలో అయితే ఆగినా నడుస్తుంది. ఐనవోలు మల్లన్న దగ్గర ఒగ్గు డోళ్లు ఆగుతూ లేస్తూనే ఉంటాయి, జనం కదలరు. మేడారంలో డోలీ కోయల పాటకు కూడా అంతే. సకిని రామచంద్రయ్య గారు డోలు పట్టుకుని సమ్మక్క కథ పాడుతుంటే ఎవరూ వేగం గురించి అడిగేవారు కాదు. అక్కడ వేసి చూద్దాం.

సిర్ర తమ్ముడూ, పేరు సంగతి న్యాయమే. నా దగ్గర ఉన్న మిక్స్‌లలో మీ బాబాయిది ఉంటే చెప్పండి. చేసినవాళ్లెవరో నాకు తెలుసు, నేనే మాట్లాడతాను.

నర్సంపేట_సార్
బుధవారం, ఉదయం 6:30

కెరటం, నీ డెట్రాయిట్ ఉదాహరణ ఆలోచించదగింది. పాట ఎవరి చేతిలో ఉందన్నది కూడా రాజకీయమే, ఒప్పుకుంటాను. మన దగ్గరే చూడు. 2024లో అందెశ్రీ పాట రాష్ట్ర గీతమైనప్పుడు మాటల మీద పెద్దగా తగవు రాలేదు. ఎవరు స్వరం కట్టాలన్న దగ్గర వచ్చింది. తెలంగాణ సంగీతకారులు ఉండగా బయటివారికి ఎందుకని అడిగారు. బడి గడప తొక్కని మనిషి, రేబర్తిలో గొర్లు కాసినవాడు రాసిన పాట మీద ఆ ప్రశ్న రావడం నాకు సబబుగానే తోచింది.

అయితే చరణాల మధ్య ఖాళీని నువ్వు చేసేదాంట్లో వదిలిపెట్టు. ఎవరు మాట్లాడతారో ముందే నిర్ణయించకు.

సిర్ర_చిటికెన
బుధవారం, రాత్రి 8:20

బాబాయితో మాట్లాడాను. ఒప్పుకున్నాడు. కొన్ని షరతులు చెప్పాడు, అలాగే రాస్తున్నాను.

ఫైబర్ డప్పుతో కావాలంటే ఏ రోజైనా రావచ్చు. తోలు డప్పుతో కావాలంటే వాన, ముసురు లేని రోజు చూసుకోవాలి. చెమ్మకు తోలు సాగి శబ్దం చచ్చిపోతుంది. గడ్డి మంట మీద కాచాలి, చల్లబడితే మళ్లీ కాచాలి, కాబట్టి మధ్యలో ఆపుతాడు. ఆ ఆగినప్పుడు తను మాట్లాడే మాటలు కూడా రికార్డు చేసుకోమన్నాడు. ఒక్కడే వాయించడు, ఆరుగురు వస్తారు, ఎదురుగా ఆడేవాళ్లు ఉండాలి. గదిలో కాదు, మా వాడలో. కూలి పెళ్లికి ఎంతో అంతే, ఆరుగురికీ, ఆ రోజే చేతికి ఇవ్వాలి. పేర్లు ఆరూ రాయాలి. చావు డప్పు అడగొద్దు.

పద్మాక్షి అక్కా, ఆడేవాళ్లలో మా ఇంటి ఆడవాళ్లు కూడా ఉంటారు. మీరు వస్తానంటే ముందుగా చెప్పండి.